వదినకి నచ్చని డిటెక్టివ్

మేడమీది వాటా, కిటికీ పక్కన
ఎండలు తగ్గుతున్న రోజులు

పొట్టీ,

నువ్వు పంపిన తాళాల నవల రెండు పూటల్లో నమిలేశాను. మొదటి పూట బాగుంది, రెండో పూట ఒళ్ళు మండింది. లోపల గడియ వేసిన గదిలో ముసలాయన చచ్చి పడి ఉన్నాడు, సరే. డిటెక్టివ్ వచ్చి గుమ్మం దగ్గర సిగరెట్ నుసి చూసి హంతకుడి ఎత్తు, బరువు, పెళ్ళయిందో లేదో కూడా చెప్పేశాడు, అదీ సరే. కానీ ఆ చచ్చినాయన పెళ్ళాం ఏమిటమ్మా అలా ఉంది? ఇన్నేళ్ళు కాపురం చేసి, మొగుడి జేబులో కొత్త తాళంచెవి తిరుగుతోందని ఆవిడకి తెలీదట. ఆ రచయిత జన్మలో ఒక్కసారైనా బట్టలు ఉతికాడా? ఉతికేవాళ్ళకి తెలీని జేబు ఉంటుందా ఇంట్లో?

మా బైండింగ్ షాపుకి ఈ వారం మళ్ళీ అద్దె లైబ్రరీ వాళ్ళ మూట వచ్చింది. అన్నీ చిరిగిన అపరాధ పరిశోధనలే. కుట్టడానికి విప్పినప్పుడు చదువుతాను, జిగురు ఆరేలోపు అయిపోతుంది. యజమానికి తెలుసు, చూడనట్టు ఊరుకుంటాడు. కొన్నింటికి మధ్య పేజీలుండవు. పెద్ద నష్టమేం లేదు.

మీ అన్నయ్య బాగానే ఉన్నారు. బాగానే ఉన్నారని రాశాను కానీ, ఈమధ్య నాకేదో కాలు ఒకచోట నిలవడం లేదు. సాయంత్రం బస్సు తన చేతిదే కదా ఎప్పుడూ. ఆ రూటంటే ఆయనకి ప్రాణం, అందరూ తెలిసిన ముఖాలే ఎక్కుతారని. అలాంటిది పక్క డ్రైవరుతో మార్చుకుని పొద్దుటి డ్యూటీ చేస్తున్నారు. అడిగితే, ఒంటికి మంచిదని అన్నారు. మధ్యాహ్నానికి ఇంటికొచ్చి, పొద్దు వాలేసరికి కుర్చీలో కూలబడి లేవరు. ఇదే నవలైతే ఎక్కడో ఓ మేడలో ఒకావిడ ఉండాలి. కానీ ఆవిడ దగ్గరికి వెళ్ళేవాడు సాయంత్రాలు ఖాళీ చేసుకుని ఇంట్లో ఎందుకు కూచుంటాడు? నా పరిశోధన అక్కడే ఆగింది.

ఇంకో నవల పంపు. ఈసారి పెళ్ళాలు తెలివిగా ఉన్నది చూడు.

మీ వదిన

*

స్టూడియో పైన, నా గది
మొదటి వాన పడ్డాక

వదినా,

తెలివైన పెళ్ళాం ఉన్న నవల దొరకలేదు. అందుకే దయ్యాల నవల పంపుతున్నాను. ఇందులో పెళ్ళామే దయ్యం, కనక అన్నీ తెలుసు.

నాకు మాత్రం నచ్చలేదు. పాత బంగళా, గాలికి దీపం ఆరిపోవడం, హీరో చీకట్లో నిలబడటం. వెంటనే తెల్లచీర కనిపిస్తుంది, మెట్లు కనిపిస్తాయి, మెట్ల మీద రక్తం చారలు కూడా కనిపిస్తాయి. ఈ రచయితల చీకట్లో అందరికీ అన్నీ కనిపిస్తాయేమిటో. నిజమైన చీకట్లో ఏమీ కనిపించదు, భయం అదీ. ఆ ముక్క ఒక్కడూ రాయడు.

నా ఉద్యోగంలో చిన్న మార్పు. డార్క్‌రూమ్ నుంచి కౌంటర్‌కి వచ్చేశాను. ఫోటోలు కడిగే మందుల వాసన పడక దగ్గు వస్తోంది. ఇప్పుడు రసీదులు రాసి, పిల్లల ముక్కులు తుడిచి, కెమెరా ముందు కూచోబెట్టడం నా పని. హాయిగానే ఉంది. పగలంతా మనుషులు. సాయంత్రం స్టూడియో మూయకముందే పైకి వచ్చేసి పెద్ద లైటు కింద చదువుకుంటాను.

అన్నయ్య సంగతి ఎక్కువ ఆలోచించకు. వయసు పైబడుతోంది, సాయంత్రం ట్రాఫిక్కు ఎవరికైనా విసుగే. కుర్చీలో కూచునే మొగుడు దొరకడం అదృష్టం అనుకో.

పొట్టి

*

మేడమీది వాటా
ముసురు పట్టిన వారం

పొట్టీ,

దయ్యం సగంలో ఉంది. దాని సంగతి తర్వాత. నీకు తప్ప ఎవరికీ రాయలేనిది ఒకటుంది.

పోయిన వారం మా షాపు యజమాని ఇంటికి భోజనానికి పిలిస్తే వెళ్ళాం. వచ్చేటప్పటికి చీకటి పడుతోంది. వీధి దీపాలు వెలిగాయి, నాకు దారి బాగానే కనిపిస్తోంది. మీ అన్నయ్య నా మోచెయ్యి పట్టుకున్నారు. పెళ్ళయిన కొత్తలో కూడా నడివీధిలో చెయ్యి పట్టుకున్న మనిషి కాదు. మొదట సంబరపడ్డాను. నాలుగడుగులు వేశాక ఎదురుగా ఆపి ఉన్న సైకిల్‌కి తిన్నగా వెళ్ళి తగిలారు. అది కింద పడితే, అడ్డంగా పెట్టారని సైకిల్ యజమానిని తిట్టారు. అది అడ్డంగా లేదు పొట్టీ. గోడకి చేరవేసి ఉంది.

ఇంటికొచ్చాక అన్నీ ఒక్కొక్కటే కలుసుకున్నాయి. చీకటి పడ్డాక నీళ్ళ కోసం లేస్తే చేత్తో గోడ రాసుకుంటూ వెళ్తారు. గ్లాసు బల్ల మీద పెట్టబోయి బల్ల అంచు ముందు వేళ్ళతో వెతుకుతారు. పక్కనుంచి నేను వస్తే ఉలిక్కిపడతారు. అయినా నేను నమ్మలేదు. మొన్న సాయంత్రం, లైటు వేయకముందు, వంటింటికీ ముందుగదికీ మధ్య నడవలో ముక్కాలిపీట పెట్టాను. కావాలనే పెట్టాను. కాఫీ తెచ్చుకోండని పిలిచాను.

మనిషి బోర్లా పడ్డారు. ముంజేతికి దెబ్బ తగిలింది, గోడకి కణత కొట్టుకుంది. నేను పరిగెత్తి లేపేసరికి, నేనే చూసుకోలేదులే అన్నారు. నన్ను ఒక్క మాట అనలేదు. రాత్రంతా పసుపు రాసిన ఆ కణత చూస్తూ కూచున్నాను. నీ నవలల్లో డిటెక్టివులు వేసే ఉపాయాలన్నీ ఇలాగే ఉంటాయి కదా, చదివేటప్పుడు ఎంత బాగుంటాయో.

నిన్నొకటి అడుగుతాను. మీ నాన్నగారు పొద్దు వాలాక గుమ్మం దాటేవారు కాదని అత్తయ్య చెప్పేది. క్రమశిక్షణ అనుకున్నాం అందరం. అది నిజంగా క్రమశిక్షణేనా?

వదిన

*

స్టూడియో పైన

వదినగారికి,

మీ ఉత్తరం చదివాను.

మా నాన్నగారు పెద్దమనిషి. చనిపోయినాయన అలవాట్లు తవ్వి మీ పరిశోధనలో కలుపుకోవద్దు. మా అన్నయ్య ఇన్నేళ్ళ సర్వీసులో ఒక్క మనిషికి గీత పడనివ్వలేదు. డిపోలో అందరూ అదే చెప్తారు. మనిషన్నాక సైకిల్ తగులుతుంది, పీట తగులుతుంది. పీట మీరే పెట్టి, పడ్డాడని మీరే అంటే ఏం చెప్పను?

స్టీరింగు తప్ప వాడికి ఇంకో లోకం తెలీదు. దాని దగ్గర్నుంచి లేపేస్తే వాడు మనిషిగా మిగలడు. ఈ మాట ఇంకెవరి దగ్గరా అనకండి. మీరు అపరాధ పరిశోధనలు మరీ ఎక్కువ చదువుతున్నారు.

పుస్తకం పంపడం లేదు.

మీ ఆడపడుచు

*

మేడమీది వాటా
వానలు తగ్గని రోజులు

పొట్టీ,

నువ్వు నన్ను మీరూ గీరూ అన్నా నేను నిన్ను పొట్టీ అనే అంటాను.

పొద్దుటి డ్యూటీ మార్చుకున్న ఆ పక్క డ్రైవరుకి బదిలీ అయింది. సాయంత్రం బస్సు మళ్ళీ మీ అన్నయ్యకే వేశారు. ఆయన కాదనలేదు. కాదంటే కారణం చెప్పాలి కదా. మొదటి రోజు వెళ్ళి వచ్చారు. చొక్కా పిండితే నీళ్ళు కారాయి, వాన నీళ్ళు కాదు.

రెండో రోజు నేను ఆయనకి తెలీకుండా అదే బస్సు ఎక్కాను. తలమీద ముసుగు వేసుకుని వెనకాల కూచున్నాను. ఆ బస్సు కండక్టరు నీకు తెలుసుగా, మనింటికి వచ్చి ఈలతో పాటలు పాడేవాడు, ఈలన్న. కండక్టరు ఎప్పుడూ వెనక తలుపు దగ్గరుంటాడు. ఈలన్న డ్రైవరు సీటు వెనకే ఊచ పట్టుకుని నిలబడ్డాడు. టికెట్లు కొట్టడానికి ఇటు వచ్చి మళ్ళీ పరుగున అక్కడికే. కాసేపటికి తెలిసింది. పొడుగు ఈల ఊదితే ఎడమపక్క మనుషులున్నారని. రెండు పొట్టి ఈలలైతే ముందు ఏదో బండి ఉందని. జనం ఏమనుకుంటారు, హుషారైన మనిషి అనుకుంటారు. ఒకతను ఆ ఈలకి తాళం కూడా వేశాడు.

పెద్ద బజారు దాటాక మలుపులో దీపాలు లేవు. ఒక తోపుడు బండివాడు పళ్ళ బండి నెట్టుకుంటూ రోడ్డు దాటుతున్నాడు. నేను వెనక నుంచి చూశాను. ఈలన్న ఎవరికో చిల్లర ఇస్తున్నాడు. మీ అన్నయ్య చూడలేదు. నేను ముందు సీటు ఊచ పట్టుకున్నాను, అంతే. ఆఖరి క్షణంలో ఈలన్న ఆయన భుజం మీద చరిచి అరిచాడు. బ్రేకు పడింది, నిలబడ్డవాళ్ళంతా ఒకరి మీద ఒకరు పడ్డారు. బండివాడికీ బస్సుకీ మధ్య చెయ్యి పట్టేంత సందు. బస్సులో జనమంతా కిటికీల్లోంచి తలలు పెట్టి బండివాడినే తిట్టారు. చూసుకుని నడవలేవా, చావాలనుందా అని. అతను రెండు చేతులూ జోడించాడు. తప్పు ఎవరిదో తెలిసినవాళ్ళం ఆ బస్సులో ముగ్గురమే.

నేను దిగి, డిపో గేటు దగ్గర ఈలన్న కోసం కాపు కాశాను. అతను తల దించుకుని, “అమ్మా, ఆయన కళ్ళు తగ్గాయి గానీ చేతులు తగ్గలేదు. నేనున్నాను కదా” అన్నాడు. అతని మీద కోపం కూడా రాలేదు. నేనూ అదే అనాలనుకుంటున్నాను ఇన్నాళ్ళుగా.

దయ్యాల నవల ముగించాను, దానికి ముందు చదివిన తాళాల నవల మళ్ళీ తీశాను. ఆఖర్లో డిటెక్టివ్ అందర్నీ హాల్లో కూచోబెట్టి, అటూ ఇటూ పచార్లు చేసి, వేలు పెట్టి చూపిస్తాడు, హంతకుడు ఇతనే అని. టోపీ పెట్టుకుని వెళ్ళిపోతాడు. నాకు ఆ మనిషి అస్సలు నచ్చలేదు పొట్టీ. వేలు పెట్టి చూపించినవాడితో మర్నాడు కలిసి భోజనం చేయాల్సిన పని అతనికి లేదు. ఆ ఇంట్లో పక్కలు ఎత్తక్కర్లేదు. అందుకే అంత ధైర్యం.

డిపో మేనేజరుకి చెప్దామనుకుంటున్నాను. వేరే దారి నీకేమైనా తోస్తే చెప్పు. త్వరగా చెప్పు.

వదిన

*

స్టూడియో పైన
పొద్దున్నే

వదినా,

నాకూ ఉంది.

దగ్గు లేదు, ఏం లేదు. డార్క్‌రూమ్‌లో ఎర్ర దీపం ఉంటుంది, కాసేపటికి అందరి కళ్ళూ దానికి అలవాటు పడతాయి. నా కళ్ళు అలవాటు పడటం మానేశాయి. మందుల తొట్టెలు తడుముకుంటూ పనిచేశాను కొన్నాళ్ళు. ఒకరోజు ఒక తొట్టె అనుకుని ఇంకోదాంట్లో ముంచి ఒక ముసలామె తెచ్చిన రీలు మొత్తం పాడుచేశాను. అందులో చనిపోయిన కొడుకు ఫోటోలున్నాయి. కెమెరాలోనే పాడైందని యజమాని ఆవిడకి చెప్పాడు. నేను పక్కనే నిలబడ్డాను.

కంటి డాక్టరు దగ్గరికి వెళ్ళాను. ముందు చీకట్లో చూపు పోతుంది, తర్వాత పక్కలనుంచి మూసుకుంటూ వస్తుంది, గొట్టంలోంచి చూస్తున్నట్టు. మందు లేదు. ఎన్నాళ్ళు పడుతుందో ఒక్కొక్కరికి ఒక్కోలా. నవలలు చదువుకోవచ్చా అని అడిగాను, మంచి వెలుతురులో చాలా ఏళ్ళు చదవచ్చు అన్నాడు. ఇంట్లో ఇంకెవరికైనా ఉందా, ఇది కుటుంబంలో దిగుతుంది అన్నాడు. లేదని చెప్పాను. నాన్న గుర్తొచ్చాడు, అయినా లేదన్నాను. అన్నయ్య ఆలోచన రాకుండా ఇన్ని రోజులు తోసేసుకున్నాను. నువ్వు పీట సంగతి రాసినప్పుడు అన్నయ్య పడ్డట్టు కాదు, నేనే పడ్డట్టనిపించింది. అందుకే అంత విషం కక్కాను. నిన్ను మీరు అన్నాను.

వేరే దారి ఏదీ లేదు. నేను బయల్దేరి వస్తున్నాను, సెలవు అడిగాను. డాక్టరు చెప్పినా నువ్వు చెప్పినా వాడు నవ్వేస్తాడు. నేను చెప్తే నవ్వలేడు. కానీ నా కోసం ఆగకు. మబ్బు పట్టి వాడు బస్సు తీస్తుంటే అప్పుడే మేనేజరు దగ్గరికి వెళ్ళు. నాకు ఆ బండివాడి చేతులే కనిపిస్తున్నాయి.

నీ పొట్టి

*

మేడమీది వాటా
నువ్వు వెళ్ళాక

పొట్టీ,

నువ్వు వచ్చిన రోజు నేను తలుపు తీసి, నీ సంచీ అందుకుని వంటింట్లోకి వెళ్ళిపోయాను. ఇంట్లో గాలి చూస్తేనే నీకు తెలిసిపోయి ఉంటుంది. ఇప్పుడు రాస్తాను.

నీ ఉత్తరం రాకముందే నేను డిపోకి వెళ్ళాను. ఆ రోజు మధ్యాహ్నానికే ఆకాశం నల్లబడింది. ఆయన చొక్కా గుండీలు పెట్టుకుంటుంటే, ఈ పూట మానండి అన్నాను. మానితే అడుగుతారు అన్నారు. కానీ నాకెలా తెలుసని ఆయన అడగలేదు చూడు. తెలుసని ఆయనకీ తెలుసు. వెనకాలే గొడుగు లేకుండా వెళ్ళాను. ఆయన బండి దగ్గర టైర్లు చూసుకుంటున్నారు, నేను తిన్నగా మేనేజరు గదిలోకి వెళ్ళాను. అతను కూచోమన్నాడు. కూచోలేదు.

“మా ఆయనకి చీకట్లో కళ్ళు కనపడవు. బండి ఇవ్వకండి,” అన్నాను.

మేనేజరు నా వైపు చూడలేదు, నా భుజం మీదుగా చూస్తున్నాడు. వెనక్కి తిరిగితే గుమ్మంలో మీ అన్నయ్య, సంతకం పెట్టడానికి వచ్చారు. విన్నారు. ముందుకొచ్చి జేబులోంచి బస్సు తాళాలు తీసి బల్ల మీద పెట్టారు. పెట్టి, నాకు దారి వదిలి పక్కకి తప్పుకున్నారు, పరాయి ఆడమనిషికి తప్పుకున్నట్టు. ఆ వానలో నేను ముందు, ఆయన చాలా వెనక, అలా వచ్చాం ఇంటికి. మధ్యలో ఆగి నిలబడ్డాను, చీకట్లో కాలవ దగ్గర ఎలా దాటుతారోనని. నన్ను దాటుకుని వెళ్ళిపోయారు, కాలవ అంచున తడబడ్డారు, చెయ్యి ఇవ్వబోతే తీసుకోలేదు.

తర్వాత నువ్వు వచ్చావు. మీరిద్దరూ డాబా మీద ఎండలో కూచుని మాట్లాడుకున్నంతసేపూ నేను కింద బియ్యం ఏరాను, ఏరినవే మళ్ళీ ఏరాను. నువ్వేం చెప్పావో ఆయన నాకు చెప్పలేదు. మర్నాడు మీరిద్దరూ ఆసుపత్రికి వెళ్తుంటే గుమ్మంలో నిలబడి చూశాను. వెనక నుంచి ఒకేలా నడుస్తారు మీరు, తల కొంచెం ముందుకి వంచి. అదీ నేను ఇన్నేళ్ళూ వినయం అనుకున్నాను.

నువ్వు వెళ్ళాక ఆయన్ని డిపోలోనే టైర్ల స్టోరులో వేశారు, పగటి పని. ఈలల సంగతి కూడా బయటపడి ఈలన్నకి హెచ్చరిక కాగితం ఇచ్చారు, ఉద్యోగం పోలేదు. ఈయన వెళ్తున్నారు, వస్తున్నారు. నేను వడ్డిస్తే తింటారు, మంచినీళ్ళు మాత్రం తనే ముంచుకుంటారు. నేను ఇవ్వబోతే గ్లాసు అక్కడే ఉంటుంది. షాపులో నా ముందు నవలల గుట్ట పెరిగిపోయింది, ఒక్కటీ తెరవబుద్ధి కావడం లేదు. అట్టలు అంటించి పంపేస్తున్నాను.

నువ్వెలా ఉన్నావు? నిజం రాయి.

వదిన

*

స్టూడియో పైన, పెద్ద లైటు కింద

వదినా,

నిజం రాస్తున్నాను. యజమానికి చెప్పేశాను. కళ్ళద్దాలు తీసి చాలాసేపు తుడుచుకున్నాడు, అయితే కౌంటర్ మీద పెద్ద బల్బు వేయిద్దాం అన్నాడు. ఆ ముసలామె ఇల్లు కనుక్కుని వెళ్ళి, రీలు పాడుచేసింది నేనేనని చెప్పాను. తలుపు వేసేసుకుంది. రెండోసారి వెళ్ళాను, అప్పుడూ వేసుకుంది. మళ్ళీ వెళ్ళాలో లేదో తెలీదు. పొద్దున్నపూట బాగుంటాను. సాయంత్రం కిటికీలో వెలుతురు తగ్గుతుంటే గదిలో ఈ చివర్నుంచి ఆ చివరికి నడుస్తుంటాను.

ఒక పుస్తకం పంపుతున్నాను. నీకు కాదు, అన్నయ్యకి. అందులో బస్సు ఉంది. చదవనంటే నువ్వు చదివి వినిపించు. వినకపోయినా వినిపించు.

పొట్టి

*

డిపో, టైర్ల స్టోరు
మధ్యాహ్నం భోజనాల వేళ

చెల్లాయ్,

నాకు ఉత్తరాలు రాయడం రాదు. ఈ పుస్తకం రాసినవాడికి బస్సు నడపడం రాదు. కనక ఇద్దరం సమానం.

ఏమిటమ్మా ఆ రాత? దొంగలు బ్రేకు తీగ కోసేస్తారు. కొండ దారి, వాన, బస్సు నిండా జనం. మన హీరో ఒక చేత్తో దొంగతో కలియబడుతూ ఒక చేత్తో స్టీరింగు తిప్పుతాడు. బ్రేకు పోతే ఎవడైనా ముందు గేరు దించుతాడు. ఇతగాడు పెంచాడు. అంత మలుపులో అంత బండిని ఆ వేగంతో తిప్పితే రెండో పేజీకే లోయలో ఉండాలి, నవల అక్కడితో సరి. అది కూడా పోనీ. హెడ్‌లైట్లు పగిలిపోయాక కూడా నడుపుతూనే ఉంటాడు, కళ్ళు మూసుకుని నడపగలను అంటాడు. బస్సులో జనమంతా చప్పట్లు కొడతారు. దిగిపోతాను, ఆపు, అని ఒక్కడు అనడు. మీ వదిన ఆ ముక్క చదువుతుంటే లేచి బయటికి వెళ్ళిపోయాను. మళ్ళీ వచ్చి కూచున్నాను. నేను లేచిన చోటి నుంచే మొదలుపెట్టింది.

డాబా మీద నువ్వు నీ జబ్బు సంగతంతా చెప్తుంటే నేను వేరే ఎవరిదో వింటున్నట్టు విన్నాను. ఆఖర్న ఒక మాట అన్నావు. “అన్నయ్యా, సాయంత్రం నువ్వు నడిపే బస్సు నేను ఎక్కను.” మీ వదిన అని ఉంటే కొట్టిపారేసేవాణ్ణి. చిన్నప్పుడు నా సైకిల్ ముందు కడ్డీ మీద కూచుని, హ్యాండిల్ వదిలెయ్ వదిలెయ్ అని గోల పెట్టిన పిల్లవి నువ్వు.

ఆ తోపుడు బండతను రోజూ డిపో ముందు నుంచే పోతాడు. నన్ను చూస్తే పక్కకి తప్పుకుంటాడు, ఆ రోజు తప్పు తనదేనని. నిన్న పిలిచి, తప్పు నాదయ్యా, నాకు కళ్ళు కనపడలేదు అన్నాను. నమ్మలేదు. మీరు మంచివారు బాబూ అని నాకు రెండు పళ్ళు చేతిలో పెట్టి పోయాడు. అవి తినలేదు, పారేయలేదు.

మీ వదిన మీద కోపం పోలేదు. అబద్ధం ఎందుకు చెప్పాలి. మేనేజరు ముందు అలా చెప్పింది కదా అని కాదు. నేనే చెప్పి ఉండాల్సింది తను చెప్పింది. అందుకు కోపం. ఇలాంటిది ఎప్పటికి పోతుందో తెలీదు. మేం మాట్లాడుకోవడం లేదు. తను చదువుతుంది, నేను వింటాను. బస్సు తప్పుగా రాసినచోట ఆపి చెప్తాను, తను ఊఁ కొట్టి ముందుకు పోతుంది. అంతవరకు వచ్చాం.

నిన్న సాయంత్రానికి ఆఖరి అధ్యాయం దాకా వచ్చింది. పట్టుమని పది పేజీలు లేవు. తను గొంతు సవరించుకుంటుంటే, ఇవాళ్టికి చాలు, రేపు చదువుదువుగానిలే అన్నాను. పుస్తకం మూసి, నా వైపు చూసి, లైటు ఆర్పకుండానే లోపలికి వెళ్ళింది.

ఈ రోజు కూడా అది ముగియనివ్వను. ఇంకో పుస్తకం వెంటనే పంపు. బస్సు లేకపోయినా సరే.

అన్నయ్య